మావయ్య సైకిలు, నా ఫ్రేము

పోయిన సంక్రాంతికి కె.కోటపాడు వెళ్ళేటప్పటికి నా ఫోన్లో ఒక సైకిల్ ఫ్రేము ఫోటో ఉంది. మూణ్ణెల్లుగా ఉంది. సన్నటి ఉక్కు గొట్టాలు, అవి కలిసే మూలల్లో నగిషీ చెక్కినట్టున్న తొడుగులు, లేతాకుపచ్చ రంగు, తొడుగుల అంచులకి సన్నటి బంగారు గీత. చూడ్డానికి 1950ల నాటి ఫ్రెంచి సైకిల్లా ఉంటుంది గానీ మొన్న మొన్న చేసింది. లావు టైర్లు పడతాయి. ముందూ వెనకా సంచులు తగిలించుకుని మట్టి రోడ్ల మీద వారాల తరబడి పోవడానికి చేసిన ఫ్రేము. చక్రాలు లేవు, హ్యాండిలు లేదు, సీటు లేదు. ఒట్టి ఫ్రేమూ, ముందు ఫోర్కూ. రవాణా, కస్టమ్సూ కలుపుకుంటే లక్షన్నర పైమాటే. రాత్రి పడుకునే ముందు దాన్ని ఒకసారి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

పశువుల పాక దగ్గర ఆ ఫోటో మావయ్యకి చూపించాను. ఫోను కొంచెం దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి చూశాడు. "బాగుందిరా. మరి సక్రాలేవి?" అన్నాడు. చక్రాలు విడిగా కొనుక్కోవాలని చెప్పాను. ధర అడిగాడు. చెప్పాను. "లచ్చన్నరా? ఒట్టి గొట్టాలకా?" అని, ఇంక ఏమీ అనకుండా పాక గుంజకి ఆనించి ఉన్న తన సైకిలు వైపు చూశాడు. నేనూ చూశాను. అంతకుముందు దాన్ని ఎన్ని వందలసార్లు చూశానో. కానీ ఆవేళ చూసింది ఫోటోకి అలవాటుపడ్డ కళ్ళతో. అవే తొడుగులు. అదే వెనక్కి వాలిన సీటు గొట్టం. అదే ముందుకి వంగిన ఫోర్కు. అట్లాస్ డబుల్ బార్, 1983లో చోడవరంలో కొన్నది. రెండో బారుకి ఇప్పటికీ గోనెసంచి ముక్క చుట్టి ఉంది, పాల క్యాను రాసుకోకుండా.

కొంచెం సైకిళ్ళ సంగతి చెప్పుకోవాలి. ఇష్టం లేనివాళ్ళు నాలుగు పేరాలు దాటెయ్యొచ్చు. కాకపోతే నా తగువంతా ఆ కొలతల్లోనే మొదలైంది.

మన నల్ల సైకిలు ఇంగ్లండులో పుట్టిన రూపం. రాలీ, బీయస్సే, హెర్క్యులిస్ లాంటి కంపెనీలు గతుకుల రోడ్ల కోసం స్థిరపరిచిన అచ్చు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ అచ్చునే మనవాళ్ళు ఇక్కడ పోసుకున్నారు: మద్రాసులో 1949లో టీఐ సైకిల్స్, సోనేపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో. దాని టైరు మీద 28 × 1½ అని ఉంటుంది. ఇప్పటి అంతర్జాతీయ లెక్కలో దాన్నే 40-635 అని రాస్తారు. అంటే టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు, రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635. రేసు సైకిళ్ళు ఏలిన రోజుల్లో పడమటి దేశాల్లో మంచి సైకిలంటే 20, 23 మిల్లీమీటర్ల టైరు. సన్నగా ఉంటేనే జోరుగా పోతుందని గట్టి నమ్మకం. కాదని చెప్పినవాళ్ళు లేకపోలేదు. ఫ్రాన్సులో సెంతెతియెన్ అనే ఊళ్ళో పాల్ ద వీవీ అనే పెద్దమనిషి, వెలోసియో పేరుతో 1887 నుంచి పత్రిక నడుపుతూ, లావు టైర్లూ గేర్లూ వేసుకుని కొండలెక్కి చూపించాడు. గేర్లు మార్చే డీరేలరుని టూర్ ద ఫ్రాన్స్ వాళ్ళు 1937 దాకా రానివ్వలేదు, అది వేరే కథ. ఆ సంప్రదాయంలోనే రెనె అర్స్ లాంటి పారిస్ కమ్మరులు 584 రిమ్ముల మీద లావు టైర్లతో సైకిళ్ళు చేశారు. ఆ 584నే 650బి అంటారు. తర్వాత అందరూ మర్చిపోయారు. అమెరికాలో గ్రాంట్ పీటర్సన్ 1994లో రివెండెల్ అనే చిన్న కంపెనీ పెట్టి తొడుగుల ఫ్రేముల్ని మళ్ళీ చేయించాడు. యాన్ హైనె తన బైసికిల్ క్వార్టర్లీలో పరీక్షలు పెట్టి, మెత్తటి లావు టైరు సన్న టైరుకి వేగంలో ఏమీ తీసిపోదని వాదించాడు. దాంతో లావు టైరు మళ్ళీ ఫ్యాషనైంది. నేను మూణ్ణెల్లుగా చూస్తున్న లేతాకుపచ్చ ఫ్రేము ఆ ఫ్యాషను బిడ్డ.

చోడవరం చెరకు బళ్ళ దారుల్లో మాత్రం ఎవరూ దేన్నీ మర్చిపోలేదు. నలభై మిల్లీమీటర్ల టైరు ఇక్కడ ఎప్పుడూ ఉంది.

టూరింగు ఫ్రేము ఎంచుకునేవాడు ముందు చూసేది సందు. ఫోర్కు పైభాగంలోనూ, పెడళ్ళ వెనక రెండు గొట్టాల మధ్యా టైరుకి ఎంత చోటుంది అన్నది. బురద అంటుకున్నా, రిమ్ము కొంచెం బెండు తిరిగినా టైరు గొట్టానికి తగలకూడదు. మడ్‌గార్డు వేస్తే ఆ చోటు ఇంకా తగ్గుతుంది. తర్వాత వెనక గొట్టాల పొడుగు. అవి పొట్టిగా ఉంటే తొక్కేటప్పుడు మడమలు సంచులకి తగులుతాయి. తర్వాత ఫోర్కు వంపు, దాన్ని బట్టి బరువేసినప్పుడు హ్యాండిలు ఎలా తిరుగుతుందన్నది. చివరగా బ్రేకులు పట్టే ఏర్పాటు. ఈ నాలుగింట్లో మొదటి రెంటికీ పాత అట్లాస్ హాయిగా పాసవుతుంది. మూడోదానికి బరువు వెనక క్యారేజీ మీదే ఉంటే పాసవుతుంది. నాలుగోది దగ్గర తుక్కుతుక్కుగా ఫెయిలవుతుంది. కడ్డీ బ్రేకులు, మెరుపు పూసిన ఇనప రిమ్ము. వాన పడితే ఆ బ్రేకు పట్టుకోవడమంటే దేవుడికి దణ్ణం పెట్టడమే. రైవాడ గట్టు దాకా పర్లేదు, చదును. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటులోంచి దిగాలంటే మాత్రం వద్దు.

ఇక్కడో చిన్న చమత్కారం ఉంది. పాత ఫ్రేములో 635 తీసేసి 584 చక్రం వేస్తే, చక్రం చిన్నదవుతుంది కాబట్టి టైరు బొజ్జ ఇరుసు వైపు జరుగుతుంది. వెనక గొట్టాలు అక్కడ ఎడంగా ఉంటాయి. అంటే అదే ఫ్రేములో ఇంకొంచెం లావు టైరు పడుతుంది. అల్యూమినియం రిమ్ములు దొరుకుతాయి, మెత్తటి టైర్లు దొరుకుతాయి. కడ్డీ బ్రేకులు మాత్రం అందవు. హబ్బులోనే డ్రమ్ము బ్రేకున్న చక్రాలు కట్టించుకుంటే ఆ గొడవా తీరిపోతుంది. వాటికి వానతో పని లేదు. ఫ్రేముకి వెల్డింగూ అక్కర్లేదు. డ్రమ్ము చేతిని గొట్టానికి ఒక క్లిప్పుతో బిగించుకుంటే చాలు.

సంక్రాంతి రాత్రి ఈ లెక్కలన్నీ వేసుకుని, పొద్దున్న పాకలోకి టేపు పట్టుకెళ్ళాను. కొలుస్తుంటే మావయ్య వచ్చి పక్కన కూచున్నాడు. విషయం చెప్పాను. ఆయన ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"నీకు గావాలంటే అట్టుకెళ్ళిపోరా. నాకో టీవీయస్ ఇప్పించీ. మోకాళ్ళు పనిసెయ్యట్లేదు."

అత్త చేట పట్టుకుని అటే వెళ్తూ, అది పోతే అక్కడ దూడని కట్టుకోవచ్చంది.

అంత తేలిగ్గా తేలిపోవడం నాకు నచ్చలేదు. ఎందుకు నచ్చలేదన్నదే ఈ వ్యాసం.

ఆ సైకిలు చరిత్ర ఇంట్లో అందరికీ తెలిసిందే, ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. తాతయ్య మంచాన పడ్డ ఏడాది మావయ్య ఎనిమిదో తరగతి. అమ్మ పదో తరగతి. ఇద్దర్లో ఒకరు మానెయ్యాలి. మామూలుగా ఆడపిల్ల మానేస్తుంది. అమ్మ బాగా చదువుతుందని పంతులుగారు ఇంటికొచ్చి చెప్పారట. మావయ్యకి చదువు మీద పెద్ద ఇష్టం లేదని ఇంట్లో చెబుతారు. నిజమే కావచ్చు. మానేసినవాడి గురించి తర్వాత ఎప్పుడూ అలాగే చెబుతారు కూడా. అప్పు చేసి సైకిలు కొన్నారు. అప్పటికి మావయ్య సీటెక్కితే కాళ్ళు అందేవి కాదు. ఫ్రేము సందులోంచి కాలు పెట్టి అడ్డతొక్కుడు తొక్కుతూ, క్యారేజీకి అటూ ఇటూ క్యాన్లు కట్టుకుని తిరిగాడు. అమ్మ కాలేజీ అయింది, ట్రైనింగయింది, టీచరైంది. అమ్మ టీచరు కాబట్టి నేను ఇంజినీరింగు చదివాను. నేను ఇంజినీరునయ్యాను కాబట్టి లక్షన్నర పెట్టి ఒట్టి ఫ్రేము కొనాలని రాత్రిళ్ళు ఫోను చూసుకుంటున్నాను.

అంటే నా తీరిక ఆ సైకిలు మీదే వచ్చింది. ఇప్పుడు నా తీరిక కోసం ఆ సైకిలే కావాలంటున్నాను.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "వాడు బడి మానేసిన సైకిలది. దానికి రంగులేసుకుని ఊరేగుతావా?" అంది. పెట్టేసింది.

మనకి వింటేజ్ అనే మాటకి సరైన మాట లేదు. ఆ మాట ద్రాక్షపంట లోంచి వచ్చింది, మంచి ఏడాది పంటకి ఏళ్ళు గడిచేకొద్దీ విలువ పెరగడం అన్న ఊహలోంచి. మనకీ అలాంటివి కొన్ని ఉన్నాయి. పాత బియ్యం ఉంది. అనకాపల్లి పక్కన ఉంటూ పాత బెల్లం గురించి చెప్పకపోతే ఎలా, మందులోకి అదే కావాలంటారు. కానీ వస్తువుల దగ్గరికొచ్చేసరికి పాత అన్న మాట వెనక వెంటనే ఇనప సామాన్లు వచ్చి నిలబడతాయి. మావయ్య దృష్టిలో ఆ సైకిలు పాతది. నా దృష్టిలో వింటేజ్. ఈ రెండు మాటలకీ మధ్య తేడా వస్తువులో లేదు. ఆ వస్తువు మీద ఆధారపడి బతకాల్సిన అవసరం మనకుందా, తీరిపోయిందా అన్నదాంట్లో ఉంది. అవసరం తీరినవాడికే పాతది అందంగా కనబడుతుంది. పెంకుటిళ్ళ గురించి ఫేస్‌బుక్కులో బాధపడేవాళ్ళం ఎక్కువమంది అపార్టుమెంట్లలోనే ఉంటాం. వానాకాలం పెంకు సర్దుకునేవాడు డాబా వేసుకుందామని చూస్తాడు.

ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయే వ్యాసాలు చాలా చదివాను. మధ్యతరగతి మోజు, పేదవాడి కష్టాన్ని అలంకారం చేసుకోవడం, ఇంతే సంగతులు. నాకు అది సగమే నిజమనిపిస్తుంది. కష్టం లేని కష్టాన్ని కొనుక్కోవడం తప్పయితే, ఏటా ఆషాఢ పున్నమికి ముందురోజు సింహాచలం కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు ఉత్త కాళ్ళతో నడిచే లక్షల మందిని ఏమనాలి? వాళ్ళలో మావయ్య ఉన్నాడు. మోకాళ్ళు పోకముందు ఒక్క ఏడాది కూడా మానలేదు. సైకిలు మీద అరకు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పాడేరు మీదుగా మాడుగుల వైపు దిగుతానని చెప్పినప్పుడు ఆయన నవ్వలేదు, పిచ్చా అనలేదు. "ఏటి, మొక్కేటి?" అని అడిగాడు. మొక్కు కాదన్నాను. "మరి?" అన్నాడు. జవాబు లేకపోయింది నాకే. అవసరం లేకుండా ఒళ్ళు అలిసేలా ఒక దూరం దాటాలనుకోవడం ఆయనకి తెలియని సంగతి కాదు. దానికి ఒక కారణం ఉండాలి, అంతే.

ఇంకో ఆరోపణ, కొత్తది చేసి పాతదిలా కనబడేట్టు చెయ్యడం అబద్ధం అన్నది. ఇదీ పూర్తిగా ఒప్పుకోను. తొడుగుల సంగతే తీసుకోండి. ఇప్పుడు అలంకారంలా కనబడుతున్న ఆ తొడుగు ఒకప్పుడు పని. పల్చటి గొట్టాన్ని తొడుగులోకి దూర్చి, ఇత్తడో వెండో కరిగించి సందుల్లోకి పోస్తారు. ఉక్కుని కరిగించేంత వేడి అక్కర్లేదు, అందుకని గొట్టం చివర బలహీనపడదు. 1935లో వచ్చిన రేనాల్డ్స్ 531 లాంటి గొట్టాలకి అదే దారి. తర్వాత తొడుగుల్లేకుండా నేరుగా అతికే వెల్డింగులు బాగుపడ్డాయి, తొడుగు అవసరం తీరిపోయింది. అవసరం తీరాక కూడా చేతులు దాన్ని మర్చిపోకుండా చేస్తున్నాయంటే అది అబద్ధం కాదు, అలవాటు. ముగ్గు చీమల కోసం అని చెబుతారు. చీమలు తినని రాతిముగ్గుతో కూడా వేస్తున్నాం కదా. నేను వింటేజ్ నకలంటే ఒప్పుకోనిది ఒక్కటే, కావాలని తుప్పు మరకలూ గీతలూ వేసి అమ్మేది. గీత అంటే ఎవరో ఎక్కడో పడ్డారని. పడకుండా గీత పెట్టుకోవడం సాక్షి సంతకం దొంగపెట్టడం లాంటిది.

మరి అమ్మ మాట? రంగు వెయ్యొద్దు, ముట్టుకోవద్దు అన్నది? జాన్ రస్కిన్ 1849లో పాత కట్టడాల గురించి ఇలాగే వాదించాడు. బాగుచేయడం పేరుతో పాతదాన్ని మళ్ళీ కొత్తగా చెయ్యడం దాన్ని నాశనం చెయ్యడమేనని. గొప్ప వాదన. కానీ రస్కిన్ ఆ కట్టడాల్లో కాపురం చెయ్యలేదు. అమ్మ ఆ సైకిలుని అలాగే ఉంచమంటోంది. అలా ఉంటే రోజూ పొద్దున్నే దాన్ని తొక్కాల్సింది అమ్మ కాదు. ఋణం తీర్చలేనివాళ్ళకి ఋణపత్రాన్ని భద్రంగా దాచాలనిపిస్తుంది. అప్పిచ్చినవాడు మాత్రం దాన్ని చింపి పొయ్యిలో పడేసి ఎప్పుడో మర్చిపోయాడు. అమ్మతో ఈ మాట అనలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదువుతుంది.

అనకాపల్లి దగ్గర శంకరంలో బొజ్జన్నకొండ ఉంది. కొండనే తొలిచిన గుహలూ, బండనే చెక్కిన స్తూపాలూ. బౌద్ధులు వందల ఏళ్ళు ఉన్న చోటు. అక్కడికెళ్ళినప్పుడల్లా నాకు మిళింద ప్రశ్నల్లో రథం గుర్తొస్తుంది. గ్రీకు రాజు మిళిందుడు రథం మీద వచ్చానంటాడు. నాగసేనుడు అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏదీ కాదంటాడు రాజు. మరి రథం ఎక్కడుంది? అన్నీ కలిసినప్పుడు మనం పెట్టుకున్న పేరు, వ్యవహారం, అంతే అని తేలుతుంది.

మావయ్య సైకిల్లో ఏది పాతదో ఆయన్నే కూచోబెట్టి అడిగాను. టైర్లు ఎన్నిసార్లు మార్చాడో లెక్కే లేదు. వెనక రిమ్ము రెండుసార్లు, ముందుది ఒకసారి. చైనూ, ఫ్రీవీలూ, పెడళ్ళూ మామూలే. ఫోర్కు దేవరాపల్లి రోడ్డులో లారీ రాసుకుపోయినప్పుడు మార్చాల్సొచ్చింది. సీటు నాలుగోది. ఫ్రేము మాత్రం అదే అన్నాడు. అత్త అందుకుంది, అదీ పెడళ్ళ దగ్గర విరిగితే చోడవరంలో ఇత్తడి పోయించలేదా అని. అవును, పోయించాడు. మచ్చ ఉంది. 1983 నాటిదని నేను ముచ్చటపడుతున్న దాంట్లో 1983 నాటిది మూడు వంతులు ఫ్రేము. అయినా నా సైకిలు అన్నప్పుడు ఆయన గొంతులో ఏ సందేహమూ లేదు.

నాగసేనుడు వ్యవహారం అన్నచోట నాకు మన మాట ఒకటి తగులుతుంది. వాడుక. ఈ మాటకి తెలుగులో ఎన్ని అర్థాలో చూడండి. వస్తువుని వాడటం వాడుక. జనం నోట నలిగే మాట వాడుక మాట. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో కూచుని పోరాడింది ఆ వాడుక భాష కోసమే. ఇంకోటి కూడా ఉంది, మావయ్యకి అన్నం పెట్టింది: వాడుక పాలు. ఫలానా ఇంటికి రోజూ ఇన్ని పోయాలన్న ఒప్పందం. కాగితం ఉండదు, సంతకం ఉండదు. రోజూ పోస్తున్నారు కాబట్టి వాడుక. పేరు పెట్టుకుంటే చాలదు, రోజూ వెళ్ళి పోస్తేనే ఆ పేరు నిలబడుతుంది. ఏ ముక్క మారినా ఆ సైకిలు మావయ్యది కావడానికి కారణం అది. వాడుక తప్పిన రోజు ముక్కలన్నీ అసలువే ఉన్నా అది ఆయనది కాదు. మోకాళ్ళు ఆ వాడుక తప్పించేశాయి. పాకలో ఉన్నది ఇనుము. అమ్మ దాస్తానంటున్నదీ, నేను మురిసిపోతున్నదీ ఇనుమునే.

దాన్ని తీసుకోవడం తప్పు కాదని అలా నచ్చజెప్పుకున్నాను. తీసుకుంటే వాడాలని కూడా. హైదరాబాదు ఫ్లాట్లో గోడకి వేలాడదీస్తే అమ్మ అన్నదే నిజమవుతుంది.

బేరం మాత్రం నన్ను ఇప్పటికీ కొంచెం గుచ్చుతుంది. టీవీయస్ ఎక్సెల్ ధర నా ఫోటోలోని ఫ్రేము ధరలో సగం కూడా కాదు. అది నేను ఎప్పుడో కొనివ్వాల్సింది. ఊరికే కొనిస్తానంటే మావయ్య ఒప్పుకోలేదు. "ఊరికే ఎందుకురా? సైకిలట్టుకెళ్ళు" అన్నాడు. కాటాకి వేస్తే వెయ్యి రూపాయలు కూడా రాని ఇనుముకి బండి వస్తోందని, మేనల్లుడు పట్నంలో ఉండి మరీ అమాయకుడైపోయాడని ఆయన దిగులు. నలభై ఏళ్ళ సైకిలుని ఒక బండికి కొట్టేశానని నా దిగులు. ఇద్దరం ఎదుటివాణ్ణి మోసం చేశామనుకుంటూ షోరూముకి వెళ్ళాం. బేరానికి ఇవతలా అవతలా ఉన్నవాళ్ళిద్దరూ సిగ్గుపడుతుంటే ఆ బేరం న్యాయమైనదా, రెండు పక్కలా అన్యాయమైనదా? నాకు ఇంకా తెలీలేదు. ఇవాన్ ఇలిచ్ 1974 నాటి పుస్తకంలో, ఒక వేగం దాటాక మోటారు బండి మనిషికి టైము మిగల్చదు, ఇంకొకడి టైము దొంగిలిస్తుంది, సైకిలే సరైన యంత్రం అని రాశాడు. నేనది నమ్ముతాను. షోరూములో మావయ్య సీటెక్కి రెండు కాళ్ళూ నేలకానించి కూచున్నప్పుడు ఆయన మొహం చూసి ఇలిచ్‌ని బయటే ఉంచాను.

ఊళ్ళో సైకిల్ షాపతనికి ఫ్రేము తీసుకెళ్తే, తిప్పి చూసి, "దీనికేటయ్యింది? బాగానే ఉంది కదా" అన్నాడు. కొత్త చక్రాలు చూపిస్తే హబ్బుల్ని అరగంటసేపు విప్పి చూశాడు. వాటికి సరిపడా వెనక ఫ్రేము కొంచెం తెరవాల్సొచ్చింది. ఇనుము కాబట్టి ఒప్పుకుంది. మళ్ళీ వంచితే వెనక్కొస్తుంది కూడా. ఇది నేను పెట్టుకున్న నియమం. ఫ్రేముకి కొయ్యడం, అతకడం ఉండకూడదు. చేసిందేదైనా మళ్ళీ వెనక్కి తీసుకోగలిగేదే అయ్యుండాలి. రంగు వెయ్యను. గోనెసంచి ముక్క కూడా తియ్యను. పాత చక్రాలూ, కడ్డీ బ్రేకులూ పాకలో పైన కట్టి ఉంచుతాను. రేపు ఇంకెవరికైనా ఇది మళ్ళీ పాల సైకిలు కావాలంటే ఒక పూట పని. అమ్మకి ఇదంతా చెబితే, సరేలే అంది.

టైర్ల దగ్గర కొంచెం పరువు పోయింది. 48 మిల్లీమీటర్ల టైరు సందులో పట్టింది గానీ, పైన మడ్‌గార్డు పట్టలేదు. మడ్‌గార్డు లేకుండా ఘాటులో వానకి వెళ్ళలేను. 42కి దిగాను. పాత టైరు 40. ఈ చదువూ, ఈ కొలతలూ, ఈ తగువులూ అన్నీ కలిపి నేను సంపాదించింది రెండు మిల్లీమీటర్లు. చక్రం చిన్నదవడం వల్ల సైకిలు రెండు సెంటీమీటర్లకు పైగా కిందికి దిగింది. మలుపులో తొక్కితే పెడలు నేలకి తగులుతుంది, ఒకసారి తగిలింది కూడా. గేర్లు మాత్రం బతికించాయి. వెనక హబ్బులో ఐదు. అనంతగిరి ఘాటులో అవి కూడా అయిపోయాక దిగి తోశాను. మావయ్య పాల క్యాన్లతో ఎప్పుడూ దిగలేదట. ఆయన రోడ్లు చదునువి కదా అని సర్దిచెప్పుకున్నాను. అట్లాస్ వాళ్ళు సాహిబాబాదులో చివరి ఫ్యాక్టరీ మూసేసింది 2020 జూన్ 3న. ఆరోజు ప్రపంచ సైకిలు దినోత్సవం. తోసుకుంటూ ఎక్కుతున్నంతసేపూ ఎందుకో అదే గుర్తొచ్చింది.

అరకు నుంచి పాడేరు మీదుగా దిగి, నాలుగో రోజు సాయంత్రం కె.కోటపాడు చేరాను. మావయ్య టీవీయస్ పాకలో ఉంది, ముందు క్యాను ఉంది, పక్కన దూడ ఉంది. పైకి చూశాను. వాసానికి కట్టిన చక్రాలు లేవు. కడ్డీ బ్రేకులూ లేవు.

"అవేవి మావయ్యా?"

"ఏవిరా? ఆ రిమ్ములా? తుప్పట్టిపోతన్నాయని ఉల్లిపాయలకి ఇచ్చీసేను. మంచి పాయలే. అత్త పెసరట్లేస్తంది, కాళ్ళు కడుక్కుని రా."